కళుగుమలై దారిలో కావడి చిందు

క్షేత్రయ్య పదాల క్లాసు అయ్యాక ఒక ఫ్రెండు నన్ను అడిగింది: "మీ కడంబూరు వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, సరే. మరి మీవాళ్ళు కట్టిన పాటంటూ ఏదైనా ఉందా?" అప్పుడు మా ఊరి పోళీల గురించి ఏదో చెప్పి తప్పించుకున్నాను. (పోళీలకి పేరున్న ఊరే లెండి.) ప్రశ్న మాత్రం వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నా.

కోవిల్‌పట్టికి పడమట సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కళుగుమలై ఉంది. కొండను తొలిచి కట్టిన మురుగన్ గుడి. పంగుని ఉత్తరానికి జనం భుజాన కావడి పెట్టుకుని నడిచి వస్తారు. ఎండలో, బరువుతో అంత దూరం నడవాలంటే పాట కావాలి. ఆ పాటే కావడి చిందు. చిందు అనగానే మనకి తెలంగాణ చిందు భాగవతం గుర్తొస్తుంది, "చిందులు తొక్కడం" గుర్తొస్తుంది. ఇక్కడా అంతే, కాలు కదలకుండా పాడే పాట కాదిది.

ఈ దారిపాటను సాహిత్యంలోకి తెచ్చినవాడు అణ్ణామలై రెడ్డియార్. శంకరన్‌కోవిల్ దగ్గర చెన్నికుళం ఆయన ఊరు. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఎప్పుడో దక్షిణానికి తరలిపోయిన తెలుగు రెడ్ల కులం. 19వ శతాబ్దం చివర్లో ఊత్తుమలై జమీందారు హృదయాలయ మరుదప్ప తేవర్ ఆయన్ని ఆదరించాడు. జమీందారు కావడి ఎత్తుకుని కళుగుమలైకి నడుస్తుంటే, పక్కన నడుస్తూ రెడ్డియార్ ఈ పాటలు కట్టాడని చెప్తారు. ముప్పై ఏళ్ళు దాటకుండానే పోయాడు పాపం.

ఆయన చేసిన పని ఏమిటంటే, నడక దరువు చెడకుండా దానిమీద పండితుల భాష పెట్టడం. దరువు ఎక్కువగా తిశ్రగతి: తకిట, తకిట. మీరే నడుస్తూ అని చూడండి, అడుగు దానంతటదే పడుతుంది. ఎక్కువగా వినిపించే రాగం చెంచురుట్టి. ఇది నిషాదాంత్య రాగం, అంటే కింది ధైవతం నుంచి పై నిషాదం దాకానే తిరుగుతుంది, తారస్థాయికి పోదు. గొంతు సాధన లేని వాళ్ళు కూడా గుంపుగా పాడగలరు. పున్నాగవరాళి, నవరోజు కూడా ఇలా చిన్న పరిధిలో తిరిగేవే. నవరోజులో మన అమ్మమ్మలు లాలి పాడతారు కదా!

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. ఈ పాటలన్నీ దండకాల్లాంటి స్తోత్రాలు కావు. కొన్నింట్లో నాయిక మురుగన్ కోసం వేగిపోతుంది, చెలికత్తెతో మొరపెట్టుకుంటుంది. అంటే మనం క్లాసులో చదివిన మువ్వగోపాలుడి నాయికే, కావడి వెంట నడుస్తోంది.

భక్తి పాడేవాళ్ళకి పల్లెపాటతో ఇలాంటి చుట్టరికం అన్నిచోట్లా ఉంది. అమెరికాలో రే చార్లెస్ చర్చి పాటల బాణీలోంచి సోల్ సంగీతం తీసినవాడు. చిన్నప్పుడు రేడియోలో తెల్లవాళ్ళ కంట్రీ పాటలు ఇష్టంగా వినేవాడు. 1962లో ఆ పాటలతోనే "మోడరన్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్" అనే రికార్డు చేశాడు. అభిమానులు పోతారని కంపెనీవాళ్ళు భయపడ్డారు. పోలేదు, పెరిగారు.

మా వైపు ఈ రెండు సంగీతాలు పక్క పక్క ఊళ్ళలోనే ఉండేవి. ఎట్టయపురంలో 1904లో సుబ్బరామ దీక్షితులు "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని అచ్చు వేయించారు, అదీ తెలుగు లిపిలో. తమిళ దేశం నడిమధ్యన! అదే ఎట్టయపురంలో 1882లో పుట్టిన భారతి 1912లో "పాంచాలి శపథం" రాసినప్పుడు ఎక్కువగా ఎంచుకున్నది నొండి చిందు, అంటే కుంటి చిందు నడక. ఇప్పుడు కావడి చిందు కచేరీల్లోనూ వినిపిస్తుంది, చివర్లో, తుక్కడాల వంతు వచ్చాక. పెద్ద కృతుల మధ్య దానికి ఇంకా చోటివ్వలేదు. నాకది నచ్చదు.

నా ఫ్రెండు మళ్ళీ అడుగుతుందని తెలుసు: "పాటలు తమిళమే కదా, మీవెలా అవుతాయి?" నిజమే, తమిళమే. మా అవ్వ కూడా మాతో తెలుగులో మాట్లాడి, దేవుడి దగ్గర తమిళంలో పాడుతుంది. ఏది తనదని అడిగితే, "రెండూ నావేనే, నీకేమొచ్చిందే?" అంటుంది.