చిత్రశాలలో అలసట

పట్టణమునకు పోయిన మన స్త్రీలు మ్యూజియమును చూడక మరలుట అరుదు. కాని రెండు మూడు గదులు తిరుగునప్పటికే కాళ్లు లాగును, తల దిమ్మెక్కును. “మాకు చదువు చాలదు; ఈ చిత్రములు మాకేమి తెలియును?” అని తమ్ము తామే నిందించుకొనువారిని మేమెందరినో ఎఱుగుదుము. ఈ నింద అకారణమని నూఱేండ్లకు పూర్వమే తేలియున్నది.

అమెరికాలో బోస్టను నగరపు చిత్రశాలకు కార్యదర్శిగా నుండిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లో ఒక వ్యాసమును ప్రకటించెను. మ్యూజియములతో పరిచయమును, చక్కని చూపునుగల ఒకరికి ఆయన అందలి వస్తువులను గూర్చి కొన్ని ప్రశ్నలిచ్చెను. ఉత్తరములు కనుగొనుటకై అతడు పడిన పాట్లకు ఛాయాచిత్రములు తీయించెను. ఒక అద్దాల బీరువాకడ అతడు నడుము వంచవలసివచ్చెను. మఱియొకచో నేలకు క్రుంగవలసివచ్చెను. తెలిసినవానికే ఇట్టి శ్రమ కలిగినప్పుడు తప్పు చూచువారిదా, అమర్చినవారిదా?

పిమ్మట యేల్ విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రజ్ఞుడగు ఎడ్వర్డ్ రాబిన్సన్ 1928లో తన పరిశోధనను వెలువరించెను. సందర్శకులకు తెలియనీయక వెంబడించి, ఎవరు ఏ పటముకడ ఎన్ని సెకనులు నిలిచిరో గడియారముతో లెక్కించుట ఆయన పద్ధతి. కూర్చుండి పటముల ప్రతులను వరుసగా చూచువారికిని క్రమముగా ఆసక్తి సన్నగిల్లుట ఆయన కనుగొనెను. కావున డస్సినవి కాళ్లు మాత్రమే కావు. పిండివంటలన్నియు ఒక్కమాఱే వడ్డించిన మొగముమొత్తినట్లు మనస్సునకును మొత్తును.

న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియమున 150 మందిని ఆరు ప్రసిద్ధచిత్రములకడ గమనించిన పరిశోధన 2001లో వెలువడెను. ఒక్కొక్క చిత్రమునకు సగటున లభించిన కాలము 27 సెకనులు! అందు సగము చూపులు 17 సెకనులకు మించలేదు. దూరదేశములనుండి వచ్చువారు చూచు చిత్రముల గతియే ఇట్లున్నది.

కావున సోదరీమణులారా! అన్నియు చూచితీరవలెనను నియమమును విడువుడు. మనసునకు నచ్చిన నాలుగైదింటికడ నిలువుడు. బల్ల యున్నచో కూర్చుండుడు. పిల్లలను “త్వరగా రండి” అని లాగక, “ఇందేమి కనబడుచున్నది?” అని అడుగుడు. వారు చూపినది మనమును మరల చూడవచ్చును. ఇక, కంటికందని ఎత్తున వ్రేలాడు పటము, చదువరాని చిన్నయక్షరముల చీటి, కూర్చుండ చోటులేని గది — ఇవి మన అజ్ఞానముకావు, నిర్వాహకుల లోపములు. వానిని అచ్చటి పుస్తకమున వ్రాసి వచ్చుటకు సంకోచింపవలదు.