పాత వస్తువులు - గృహశోభ

తమ యిల్లు అందముగా నుండవలెనని కోరనివారు లేరు. ఆ యందమునకు ధనమే మూలమని భావించువారు పెక్కుమంది. బజారులో క్రొత్త వస్తువును చూచినంతనే కొనగోరుట, చేత డబ్బు లేనిచో వాయిదాల మీద తెచ్చుట, పిదప నెలనెలయు ఆ బాకీ తీర్చలేక బాధపడుట నేడు పలు కుటుంబములలో కనిపించుచున్నది. అద్దాల బీరువా గదికి శోభ నిచ్చునేమో కాని, దాని బాకీ యింటివారి నిద్రను హరించును.

ఒక కుటుంబమును ఊహింపుడు. తండ్రి చిరుద్యోగి. అద్దె యిల్లు, ఉన్నవి రెండే గదులు. కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచున్నది. తోడి బాలికలు ఆమెను తమ యిండ్లకు పిలుతురు. ఆమె మాత్రము వారిని తన యింటికి పిలువదు. వెలిసిన గోడలు, ఊగులాడు బల్ల, మూలలందు పేరుకొన్న సామాను వారి కంటబడునేమోయని ఆమెకు సిగ్గు. కుమార్తె మనస్సు నెరిగిన తండ్రి, సంక్రాంతి పండుగకు అప్పు చేసియైనను క్రొత్త కుర్చీలు తేదలచెను. అప్పు చేయకయే ఆ యింటికి శోభ కలిగింపవచ్చునా? తప్పక కలిగింపవచ్చును. దానికి వలసినవి మూడు: శుభ్రత, ఎంపిక, చేతిపని.

మొదటిది శుభ్రత. అలంకరణము పనికిమాలిన వస్తువులను తీసివేయుటతో ఆరంభము కావలెను. ఖాళీ డబ్బాలు, చినిగిన చాపలు, పగిలిన పాత్రలు తొలగినంతనే గది విశాలమగును. పిదప గోడలకు వెల్ల వేయవలెను. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి క్రమముగా గట్టిపడి, గోడ నంటుకొని తెల్లని పొర యగును. గది యందలి వెలుతురు దానివలన హెచ్చును. కాల్చిన సున్నపురాయి నీటిలో పడినపుడు మిక్కిలి వేడి పుట్టును. చినుకు కంటబడిన ప్రమాదము. కావున ఆ పనిని పెద్దలే చేయవలెను. వాకిట ముగ్గు, గడపకు పసుపు కుంకుమలు, గుమ్మమునకు మామిడాకుల తోరణము - వీనికి ఖర్చు స్వల్పము. తెలుగువారి యిండ్లలో ఇవి తరతరములుగా వచ్చుచున్న అలంకారములు.

గాంధీ మహాత్ముడు 1936లో వార్ధా సమీపమున నున్న ఒక చిన్న పల్లెలో నివాస మేర్పరచుకొనెను. తరువాత సేవాగ్రామమని ప్రసిద్ధి కెక్కినది ఆ పల్లెయే. అచ్చటి బాపూ కుటీరము గోడలు మట్టివి. మీరాబెన్ ఆ మట్టితోనే గోడపై చెట్ల రూపములను తీర్చెను. ఆ గదిలో వస్తువులు బహు కొద్ది. అయినను దర్శించువారికి అది బోసిపోయినట్లు తోచదు. ఉన్న ప్రతి వస్తువును తన చోట నుండుటయే దానికి కారణము.

రెండవది ఎంపిక. ఒకరికి అక్కరలేని వస్తువు మరియొకరికి అవసరము కావచ్చును. ప్రతి పట్టణమునను పాత సామాను అమ్ము దుకాణములుండును. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు అను సంత యున్నది. ఉర్దూ భాషలో జుమ్మేరాత్ అనగా గురువారము. ఆ నాడు అచ్చట పాత వస్తువుల క్రయవిక్రయములు జరుగును. ఆ నగరముననే ఆబిడ్స్ ప్రాంతమున ఆదివారము నాడు కాలిబాటలపై పాత పుస్తకములు అమ్ముదురు. పాత యిండ్లు పడగొట్టినచోట తలుపులు, కిటికీలు దొరకును. ఇంగ్లండున జన్మించి కేరళమున స్థిరపడిన లారీ బేకర్ (1917-2007) అను వాస్తుశిల్పి, పడగొట్టిన యిండ్ల తలుపులను, కిటికీలను తాను కట్టిన యిండ్లలో వాడెను. రంగు సీసాలను గోడలలో పొదిగి, వానిగుండ వెలుతురు లోనికి వచ్చునట్లు చేసెను.

పాత వస్తువును కొనునపుడు పరీక్ష మిక్కిలి అవసరము. కొయ్య సామానును నేలపై నిలిపి ఊపి చూడవలెను. కీళ్ళు వదులైనచో వడ్రంగి బిగింపగలడు. కొయ్యయే పుచ్చినచో ఎవరును బాగుచేయలేరు. వ్రేలితో తట్టినపుడు డొల్లగా మ్రోగినచో చెదలు తినియుండవచ్చును. సన్నని రంధ్రములును, వాని క్రింద మెత్తని పిండియు కనబడినచో లోపల పురుగున్నదని తెలియవలెను. అది ఇంటిలోని ఇతర కొయ్యకును ప్రాకగలదు. ఇత్తడి పాత్రను వెలుతురున కెదురుగా పట్టినచో చిల్లులు బయటపడును. వంటకు వాడదలచినచో కళాయి పెట్టింపవలెను; పూల కొరకైనచో అక్కరలేదు. పాత పరుపులలో నల్లులుండవచ్చును గనుక వానిని కొనరాదు. అన్నిటికంటె ముందు, “ఈ వస్తువు మన యింట ఎచ్చట నుండును? దేనికి పనికివచ్చును?” అని ప్రశ్నించుకొనవలెను. చౌకయని కొని మూలపడవేసిన వస్తువు చౌక కాదు.

పైన చెప్పిన తండ్రి ఈ విధముగా పరీక్షించి రెండు పాత టేకు కుర్చీలను కొనెననుకొనుడు. కొయ్య గట్టిది, కూర్చుండుచోట పేము అల్లిక మాత్రము తెగినది. అందుచేతనే అవి తక్కువ వెలకు వచ్చినవి. ఇక చేయవలసినది చేతిపని.

మొదట తెగిన పేమును తీసివేసి, తడిగుడ్డతో కుర్చీని శుభ్రముగా తుడువవలెను. పాత రంగులలో సీసము కలిసియుండుట కలదు; ఆ దుమ్ము విషము. అందుచేత రంగు వేసిన సామానును పిల్లలు గీకరాదు. రంగు లేని కొయ్యను ఉప్పు కాగితముతో పొడుగునారల వెంబడి రుద్దినచో నునుపగును. పిదప అవిసెనూనెను పలుచగా పట్టించినచో కొయ్య నిగనిగలాడును. నూనె పట్టించిన గుడ్డను ఉండచుట్టి మూల పడవేయరాదు. అవిసెనూనె గాలి తగిలి ఆరునపుడు వేడి పుట్టును. ఉండలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు అంటుకొనవచ్చును. ఆరుబయట ఆ గుడ్డను పరచి ఆరవేయవలెను. పేము పోయిన చోట, మంచమునకు వలెనే నవారును నిలువుగను అడ్డముగను బిగించి అల్లినచో కుర్చీ సిద్ధమగును.

ఇత్తడి చెంబు నల్లబడినచో చింతపండుతో తోమవలెను. చింతపండులోని ఆమ్లము పైనున్న నల్లని పొరను కరగించును. వెంటనే మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచినచో మెరుపు నిలుచును. అటువంటి చెంబులో నాలుగు బంతిపూలుంచి కిటికీలో పెట్టినచో, అంతకు మించిన అలంకారము ఆ గదికి అక్కరలేదు.

తెలుగునాట పాతచీరలతో బొంత కుట్టుట పూర్వమునుండి యున్నది. ఉదికి ఆరవేసిన మూడు నాలుగు చీరలను ఒకదానిపై నొకటి ముడుతలు లేకుండ పరచి, అంచులను బరువులతో అదిమి యుంచవలెను. నడుమనుండి అంచులకు సాదాకుట్టు కుట్టుచు పోయినచో గుడ్డ ఉబ్బదు. వంగదేశమున ఇట్లే కుట్టు దుప్పటులను కాంథా అందురు. చీర అంచులనుండి తీసిన దారముతోనే వానిపై పూలను, పక్షులను కుట్టుదురు. మరీ చినిగిన గుడ్డలను పేలికలుగా చింపి, మూడుపాయల జడగా అల్లి, ఆ జడను చుట్టలు చుట్టి కుట్టినచో గుమ్మము ముందు వేయు పట్ట యగును.

చేతిపనికి హద్దు లేదనుటకు చండీగఢ్ నగరము లోని రాతి ఉద్యానమే నిదర్శనము. నేక్‌చంద్ (1924-2015) దేశవిభజన సమయమున ఇల్లు వాకిలి విడిచి వచ్చిన వారిలో ఒకడు. ఆయన ప్రభుత్వ శాఖలో రోడ్ల పనులను తనిఖీ చేయు చిన్న యుద్యోగి. క్రొత్త నగరము కొరకు పడగొట్టిన గ్రామముల శిథిలములనుండి పగిలిన పింగాణిని, గాజుముక్కలను, పెంకులను ప్రోగుచేసి, ఒక అడవిచోట పని ముగిసిన పిదప రహస్యముగా బొమ్మలను చేయుచుండెను. పెక్కు సంవత్సరములకు అధికారులు ఆ సంగతి కనుగొనిరి. అనుమతి లేని కట్టడమని దానిని కూల్చివేయవచ్చును. ప్రజలు దానిని మెచ్చిరి. 1976లో అది అందరి దర్శనమునకు తెరువబడెను. 1984లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను. పగిలిన గాజులను దుస్తులుగా ధరించిన ఆ బొమ్మలను చూచుటకు నేడు దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు.

ఇక ఆ బాలిక యింటికి మరలి రండు. సంక్రాంతికి గోడలు తెల్లబడినవి. నవారు కుర్చీలు రెండు ఎదురెదురుగా నున్నవి. మంచముపై, నాయనమ్మయు మనుమరాలును కలిసి కుట్టిన బొంత పరచియున్నది. ఆ బాలిక స్నేహితురాండ్రను పిలిచెను. వారిలో ఒకతె బొంతలోని ఎఱ్ఱని గుడ్డను తాకి, అది ఎక్కడిదని యడిగెను. అది తన పెండ్లినాటి చీర యని నాయనమ్మ చెప్పెను. బాలిక లందరును ఆమె చుట్టు చేరి, ఒక్కొక్క గుడ్డ కథను చెప్పించుకొనిరి. బజారులో కొన్న దుప్పటికి అట్టి కథ యుండదు.

ఆ నెల జీతము వచ్చినపుడు తండ్రి ఎవరికిని వాయిదా చెల్లింపవలసిన పని లేకపోయెను. ఇంటివారు నిశ్చింతగా నిద్రించుట యింటికి మొదటి శోభ. చేతనైన పనిని సిగ్గుపడక చేయుట రెండవది. ఈ రెండును ఉన్న యింట ఒక చెంబెడు బంతిపూలు చాలును.