పెద్దలు లేని ఇంటి కథలు

సెలవులకు బెంగుళూరు నుంచి పావగడ తాలూకాలోని తాతగారి ఊళ్ళకు వచ్చే పిల్లల సంచులలో ఈ నడుమ ఒక రకం ఇంగ్లీషు నవలలు కనుపిస్తున్నవి. అట్టమీద నెత్తురు మరకలు, లోపల నాలుగైదు వందల పేజీలు. పేర్లు వేరైనా కథ దాదాపు ఒక్కటే. ఒకనాడు పెద్దవాళ్ళంతా లేకుండా పోతారు. పిల్లలు మిగులుతారు. తిండికీ, దీపానికీ, ప్రాణానికీ తామే పూచీ పడవలసి వస్తుంది.

మైకేల్ గ్రాంట్ అనే అమెరికా రచయిత 2008లో వెలువరించిన ‘గాన్’ అనే నవలలో, సముద్రపు ఒడ్డున వున్న ఒక చిన్న పట్నంలో పదిహేనేళ్ళు నిండిన ప్రతి మనిషీ ఒక్క క్షణంలో మాయమౌతాడు. మిగిలిన పిల్లలు కూడా, పదిహేనవ పుట్టినరోజు వస్తే తామూ మాయమైపోతామని దినాలు లెక్కపెట్టుకొంటూ వుంటారు. మరుసటి ఏడు చార్లీ హిగ్సన్ అనే ఇంగ్లండు రచయిత వ్రాసిన ‘ది ఎనిమీ’ ఇంకా ఘోరం. అందులో పెద్దలు మాయం కారు. ఒక జబ్బు సోకి కొందరు చస్తారు, బ్రతికినవారు పిల్లలను పీక్కుతినే రాక్షసులౌతారు. లండన్ నగరంలో ఒక పెద్ద అంగడిలో తలుపులు బిగించుకొని పిల్లలు కాపురం చేస్తూ వుంటారు.

“అమ్మా నాయనా సచ్చిపొయ్యే కతలు యాపొద్దూ సదువుతాంటావు, ఏం బుక్కులే ఇవి!” అని ఒక అవ్వ మనుమరాలిని గదమాయించటం మేము విన్నాము. మన సంఘ కుటుంబాలలోని పెద్దలు కొందరు ఇదే మాట మెత్తగా మమ్మల్ని అడిగివున్నారు. ఇటువంటివి చదవనివ్వవచ్చునా, లాగి పెట్టెలో వేసెయ్యవలెనా అని.

లాగివేయనక్కరలేదని మా అభిప్రాయం. కారణం చెప్పేముందు ఆ అవ్వకే ఒక సంగతి జ్ఞాపకం చేయాలి. మూడు ప్రక్కల ఆంధ్రదేశం చుట్టివున్న ఈ తాలూకాలో, బడి కన్నడమైనా ఇల్లు తెలుగైన ఈ కుటుంబాలలో, పొద్దుగుంకినాక పిల్లలకు చెప్పిన కథ ఏది? బాలనాగమ్మ కథ కాదూ?

ఆ కథ నిదానంగా తలుచుకొని చూడండి. తల్లి చచ్చిపోయింది. తండ్రి మారుమనువు చేసుకొన్నాడు. సవతితల్లి మాట విని ఏడుగురు కూతుళ్ళను అడవిలో దిగవిడిచి వచ్చాడు కన్నతండ్రి. ఏడుగురు ఆడపిల్లలు, చుట్టూ అడవి, దిక్కెవరూ లేరు. ఇది కథ ముగింపు కాదు, మొదలు! ఆ పిల్లలు బ్రతికి, పెళ్ళిళ్ళై, కడగొట్టుదైన బాలనాగమ్మకు కొడుకు పుట్టి ఉయ్యాలలో వుండగా మాయల మరాఠీ జంగమవేషంలో బిక్షకు వస్తాడు. ఆమెను కుక్కగా మార్చి వెంట తీసుకొనిపోతాడు. వెతకబోయిన మగడు, అతని అన్నలు, వారి దండు అందరూ రాళ్ళై పడివుంటారు. ఇంట పెద్దమ్మలు వున్నారే గాని, వాడిని కాయగల మగదిక్కు ఒక్కటీ లేదు. ఆ పిల్లవాడు బాలవర్ధిరాజు, మీసమైనా రాని వయసులో, అయినవారంతా రాళ్ళై పడివున్న చోటికి ఒంటరిగా బయలుదేరుతాడు. నోము నెపం పెట్టి గడువు కోరి మానం కాపాడుకొంటున్న తల్లిని చూస్తాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాలకు అవతల చిలకలో వున్నదని ఆమె ద్వారానే కూపీ లాగిస్తాడు. తరువాత చిలక మెడ విరిచే ఘట్టం ఇక్కడ చెప్పనక్కరలేదు. ఆ ఘట్టం వచ్చేసరికి పిల్లలు నిద్రపోయి వుండటమే రివాజు.

ఇంతకంటె ‘గాన్’లో ఏమున్నది? పెద్దలు మాయమైనారు అనటానికీ, రాళ్ళైనారు అనటానికీ పిల్లవాని గుండెలో తేడా ఏమి? మాకైతే రాళ్ళు కావటమే ఎక్కువ భయంకరం. మాయమైనవాడు కంటికి కనుపించడు. రాయైన తండ్రి ఎదుట నిలుచుండి పలకడు.

జంగం కథగా, బుర్రకథగా తిరిగిన ఈ గాథను 1942లో జెమినీ వారు చిత్రంగా తీశారు. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. 1959లో మళ్ళీ తీసినప్పుడు అంజలీదేవి, రామారావు నటించారు. ఎవరూ ఇది పిల్లలకు పనికిరాదని అనలేదు. చంకలో బిడ్డతో సహా వెళ్ళి చూచి వచ్చినవాళ్ళే గదా నేటి అవ్వలు, తాతలు!

హిగ్సన్ పుస్తకంలోని భయానికి కూడా మనవద్ద పాత చుట్టరికం వున్నది. అందులో పిల్లలు వణికేది పరాయి ముఖాన్ని చూచి కాదు, తెలిసిన ముఖాన్ని చూచి. నిన్నటి అమ్మ, నిన్నటి పంతులుగారు నేడు మీదపడటానికి వస్తారు. రాత్రిపూట బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడవ పిలుపుదాకా పలకవద్దని మన ఇళ్ళలో చెప్పటం ఎందుకు? పిలిచేది అమ్మ గొంతే అయినా అమ్మ కాకపోవచ్చుననే. 1990 తరువాతి ఏళ్ళలో ఆంధ్రలో గోడలమీద ‘ఓ స్త్రీ రేపు రా’ అనీ, కర్ణాటకలో తలుపులమీద ‘నాళె బా’ అనీ వ్రాసుకొన్నారు. రెండు భాషలలోనూ మాట ఒక్కటే, భయమూ ఒక్కటే. అయినవారి గొంతుతో పిలిచి తలుపు తీయించే దయ్యం రెండు సీమలలోనూ తిరిగిందన్నమాట. సరిహద్దు చెక్‌పోస్టు దానికి అడ్డం కాలేదు.

ఇటువంటి కథలు గాలిలోనుంచి పుట్టవు. 1876 మొదలు 1878 వరకు ఈ సీమను ఊడ్చివేసిన ధాత కరువు మాట నేటికీ మన ముసలివారి నోట వినవస్తుంది. 1871 జనాభా లెక్కలో 50 లక్షలకు పైబడిన మైసూరు సంస్థానపు జనం 1881లో 42 లక్షలకు తగ్గిపోయింది. లెక్కలో తగ్గిన తలలు ఎన్నో చెప్పవచ్చును గాని, ఆ ఇళ్ళలో మిగిలిన పిల్లలు ఎన్ని రాత్రులు ఒంటరిగా పడుకొన్నారో ఏ లెక్కా చెప్పదు. 1918లో వచ్చిన విషజ్వరం దేశంలో కోటిమందికి మించి పొట్టన పెట్టుకొన్నది. ఆ జ్వరపు వింత ఏమంటే, మామూలుగా ముసలివారినీ పసివారినీ తీసుకొనిపోవలసినది, ఇరవైకీ నలభైకీ నడుమ వయసువారిని ఏరి ఏరి తీసుకొనిపోయింది. అంటే తల్లులను, తండ్రులను. నట్టింట అవ్వా మనుమలూ మిగలటం కథ కాదు, జరిగిన సంగతి.

ఇప్పుడు కరువు చావులు లేవు. కాని వాన మొహం చాటేసి శెనక్కాయ పంట పోయిన ఏడు, తల్లీతండ్రీ బెంగుళూరికి కూలికి పోవటం ఈ తాలూకాకు కొత్త కాదు. తిరుమణి చుట్టుప్రక్కల అయిదు ఊళ్ళ భూములలో, సుమారు 13,000 ఎకరాలలో, 2,050 మెగావాట్ల సూర్యవిద్యుత్ కేంద్రం వెలసింది. భూమిగలవారికి మొదట ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల గుత్త కుదిరింది. భూమి లేక ఆ చేలల్లో కలుపు తీసి బ్రతికినవారికి గుత్త ఎవరిస్తారు? పలకల క్రింద కలుపు పెరగనివ్వరు గదా.

నాగలమడికె వైపు ఒక పల్లెలో ఇటువంటి ఇంటిముందు మేము కొంతసేపు కూర్చున్నాము. పద్నాలుగేళ్ళ పిల్ల, మూడవ తరగతి చదివే తమ్ముడు. పక్క వీధిలో అవ్వ వున్నదిగాని చూపు ఆనదు. పొద్దున ముద్ద కెలికి, తమ్ముణ్ణి బడికి తోలి, తాను బడికి పోయివచ్చి, నీళ్ళ వంతు కాచుకొంటుంది. రాత్రి దయ్యాలకు భయం కాదా అని పరిహాసానికి అడిగాము.

“దయ్యాలకు యాల భయం సార్! తాగి వచ్చి తలుపు తట్టేవాళ్ళకు భయం.”

“అట్లా తడితే యేం చేస్తావమ్మా?”

“పలకను. తమ్మునికీ పలకొద్దని చెప్పిండా. అవ్వ వచ్చి అవ్వ మాదిరే దగ్గితేనే గడె తీసేది.”

అంగడిలో తలుపులు బిగించుకొన్న లండన్ పిల్లల గుర్తుమాటలకూ ఈ దగ్గుకూ మాకు భేదం కనుపించలేదు. అయితే ఆ నవల ఈ పిల్ల చేతికి రాదు. వచ్చినా ఆ ఇంగ్లీషు ఆమెకు మింగుడుపడదు. సెలవులకు వచ్చిన బెంగుళూరు పిల్ల దానిని మంచంమీద పడుకొని చదివి వణుకుతుంది. ఈ పిల్ల చదవకుండానే అందులో కాపురం చేస్తున్నది. నవలను గురించి తగవుపడే మన పెద్దలు ఈ ఇంటి తలుపును గురించి ఒకమారు ఆలోచించి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో ఒక మాట చెప్పి వుంచితే మేలని మాకు తోచింది.

పెద్దలు లేకపోతే పిల్లలు ఏమౌతారు అన్నదానికి పుస్తకాలు చెప్పే జవాబు సాధారణంగా చెడ్డది. దీనికి త్రోవ వేసినవాడు విలియం గోల్డింగ్. 1954లో అచ్చైన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’లో, దీవిలో చిక్కిన ఇంగ్లీషు బడిపిల్లలు ఒకరినొకరు చంపుకొనేదాకా పోతారు. ఆయన స్వయానా బడిపంతులు కనుక పిల్లలమీద ఆ కసి ఎక్కడిదో ఊహించుకోవచ్చు! 1983లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. కాని నిజంగా జరిగినది వేరు. 1965లో పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశపు పిల్లలు ఆరుగురు, వసతిబడి మీద విసిగి పడవ ఎక్కి పారిపోయి, గాలివానకు కొట్టుకొనిపోయి, ఆటా అనే నిర్జన ద్వీపం చేరారు. పదిహేను నెలలు అక్కడ వున్నారు. వంతులవారీగా పనిచేశారు, నిప్పు ఆరనివ్వలేదు, కీచులాట వస్తే ఇద్దరినీ చెరొక దిక్కుకు పంపి చల్లార్చారు. ఒకనికి కాలు విరిగితే తక్కినవారు పుల్లలు కట్టి బాగుచేశారు. 1966లో ఒక ఆస్ట్రేలియా పడవవాడు కనుగొనేసరికి అందరూ ఆరోగ్యంగా వున్నారు.

మరొకటి మొన్న మొన్నటిది. 2023 మే 1న కొలంబియా అడవిలో ఒక చిన్న విమానం కూలి, అందులోని పెద్దలు ముగ్గురూ చనిపోయారు. నలుగురు ఆదివాసి పిల్లలు మిగిలారు. పెద్దపిల్లకు పదమూడేళ్ళు, చంటిబిడ్డకు ఏడాదైనా నిండలేదు. విమానంలోని కర్రపెండలం పిండీ, అడవిలో తినదగినవేవో ఇంట నేర్చుకొన్న తెలివీ ఆధారంగా నలభై దినాలు ఆ పిల్ల ముగ్గురినీ కాపాడింది. వెతకబోయిన సైన్యం ఒక పని చేసింది. పిల్లల అమ్మమ్మచేత వారి సొంత భాషలో “మీకోసం వెతుకుతున్నారు, ఎక్కడివాళ్ళు అక్కడే వుండండి” అని చెప్పించి, ఆ గొంతును హెలికాప్టర్లనుంచి పెద్దగా అడవిలో వినిపించింది. దేశపు రాజభాషలో కాదు, అమ్మమ్మ భాషలో.

అందుచేత పిల్లల చేతిలోని నవల లాగకండి. కొంచెం మీరూ విని, అర్థం కాకపోతే వాళ్ళచేతనే తెలుగులో చెప్పించుకొని, ఆ రాత్రి బాలనాగమ్మ కథ మీరు చెప్పండి. మన పిల్లలు కన్నడం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం చాలామందికి రాదు. ‘చందమామ’ కన్నడంలోనూ వచ్చిన కాలంలో కథైనా అందేది. ఆ పత్రికా నిలిచిపోయింది. ఈ ఇళ్ళలో తెలుగు కథకు చెవి త్రోవ తప్ప వేరే త్రోవ లేదు.

మీ అవ్వ చెప్పిన బాలనాగమ్మ కథ, ఆమె చెప్పిన తీరుననే వ్రాసి పంపవలసినదిగా ఈ తాలూకా పాఠకులను కోరుతున్నాము. తెలుగు వ్రాయటం రానివారు కన్నడ లిపిలో వ్రాసినా సరే, అచ్చుకు మేము మార్చుకొంటాము. అడవిలో ఏడుగురు పిల్లలు మొదటి రాత్రి ఏమి తిన్నారని ఆమె చెప్పేదో, కథ ఎక్కడ ఆపి దీపం వత్తి తగ్గించేదో, అదికూడా వదలకుండా వ్రాయండి.