తాతయ్య జీపు ఇంజిన్ పీకేద్దామా?

"ఇంజిన్ పీకేద్దాం బాబూ. డీజిల్‌ది పెట్టిస్తా. మైలేజీ డబుల్ వస్తుంది, కొండైనా ఎక్కుతుంది."

విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డు ముందు నిలబడి ఉన్నా. ఎదురుగా ట్రాలీ మీంచి అప్పుడే దించిన మా తాతయ్య జీపు. పదిహేనేళ్లకు పైగా ఊళ్లో పాకలో పడుంది. సీట్లో కోళ్లు గుడ్లు పెట్టాయి, ఫ్లోరు తుప్పు పట్టింది. నాన్న అయితే తూకానికి అమ్మేద్దామన్నారు. నేనే పట్టుబట్టి తీసుకొచ్చా.

మేస్త్రి చెప్పింది వినగానే సరే అనబోయా. పెట్రోలు ఇంజిన్ లీటరుకి ఎనిమిది ఇస్తే గొప్ప. కానీ ఎందుకో "రెండ్రోజులు ఆగు బాబాయ్" అన్నా. ఆ రెండ్రోజులే జీపుని కాపాడాయి.

బర్మా కథ ఉత్తిదే!

మా ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే. ఇది రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా వెళ్లొచ్చిన జీపు, తాతయ్య వేలంలో కొన్నారు అని. పాత జీపు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. నిజమో కాదో జీపే చెబుతుంది. చూడటం తెలియాలంతే.

ముందు గ్రిల్‌లో నిలువు సందులు లెక్కపెట్టండి. యుద్ధకాలపు జీపుకి సాధారణంగా తొమ్మిది ఉంటాయి. 1945లో జనం కోసం విల్లీస్ కంపెనీ తెచ్చిన సీజే-2ఏకి ఏడే. తర్వాత వెనక్కి వెళ్లండి. కిందికి దించే డోర్ ఉంటే అది సైన్యం బండి కాదు, సివిలియన్ మోడల్. యుద్ధపు జీపు హెడ్‌లైట్లు వెనక్కి తిరుగుతాయి. రాత్రిపూట ఇంజిన్ రిపేరు చేసుకోడానికి ఆ ఏర్పాటు. స్టీరింగ్ ఎడమవైపే ఉంటుంది.

ఇంకో తమాషా ఉంది. యుద్ధ సమయంలో ఒకే డిజైన్‌తో విల్లీస్, ఫోర్డ్ రెండూ జీపులు చేశాయి. రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా. ఫోర్డ్ వాళ్లు తమ బోల్టుల మీద కూడా చిన్న 'ఎఫ్' అక్షరం గుద్దారు. అందుకే కొందరు టార్చిలైటు పట్టుకుని జీపు కింద దూరి గంటలు గంటలు బోల్టులు వెతుకుతుంటారు. పిచ్చి అనుకునేవాణ్ణి. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నా.

మా జీపుకి వెనక డోర్ ఉంది. స్టీరింగ్ కుడివైపు. బానెట్ మామూలు కంటే బాగా ఎత్తు. అంటే ఇది సీజే-3బీ. ఇందులో గాలి, పెట్రోలు లోపలికొచ్చే వాల్వులు ఇంజిన్ పైభాగంలో ఉంటాయి. ఇంజిన్ ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్ కూడా పెంచక తప్పలేదు. అమెరికాలో ఈ మోడల్ 1953లో వచ్చి 1968లో ఆగిపోయింది. విల్లీస్ జీపులు బిగించడంతో వాహనాల్లోకి వచ్చిన మహీంద్రా మాత్రం ఇక్కడ ఆ తర్వాతా చాలాకాలం దీన్ని చేసింది. మన పల్లెల్లో పోలీసు జీపు, బీడీఓ జీపు అని పిలిచినవి చాలావరకు ఈ కుటుంబానివే.

బర్మా కథ పోయింది. మనసు కాస్త చివుక్కుమంది. కానీ పెట్టెలో తాతయ్య దాచిన పాత ఆర్‌సీ తీస్తే ఇంకో విషయం బయటపడింది. మొదటి రిజిస్ట్రేషన్ 1967!

యాభై ఏళ్లు దాటితే...

2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల రూల్స్‌లో వింటేజ్ వాహనాల కోసం కొత్త అధ్యాయం చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన, సొంత వాడకానికే పరిమితమైన టూ వీలర్లు, కార్ల లాంటివి దీని కిందికొస్తాయి. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి ఫీజు ఇరవై వేలు. పదేళ్లు చెల్లుతుంది. నంబరులో 'వీఏ' అనే అక్షరాలుంటాయి. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు.

అసలు మెలిక ఇక్కడుంది. బండి పాత రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చేస్తే వింటేజ్ కాదు. ఆ రోజు డీజిల్ ఇంజిన్‌కి తల ఊపి ఉంటే, మా జీపు ఒక్క సాయంత్రంలో ఆ హోదా పోగొట్టుకునేది.

ఇంకో మాట కూడా చెప్పాలి. వింటేజ్ కింద నమోదైతే రోజూ ఆఫీసుకి తోలడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మెయింటెనెన్స్, పెట్రోలు పోయించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కాలి. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి టూరిస్టుల్ని తీసుకెళ్లే జీపుల్లా కిరాయికి తిప్పుదామంటే అసలే కుదరదు. ఇది ముందే తెలుసుకుని దిగండి.

గ్రైండర్ గండం

ఇంజిన్ దక్కింది కదా అని సంబరపడుతుంటే రెండో గండం వచ్చింది. పెయింటింగ్ కుర్రాడు ఛాసిస్ మీద తుప్పు గ్రైండర్‌తో గీకేస్తున్నాడు. మేస్త్రి ఒక్క అరుపు అరిచాడు. "ఒరేయ్ ఆపు! అక్కడ నంబరుంది!"

నాలుగంగుళాల దూరంలో ఆగింది గ్రైండర్. పాత పెయింటు పొరల కింద గుద్దిన అంకెలు సరిగా కనబడటం కూడా లేదు. అవి చెరిగితే కాగితాల్లో ఉన్న జీపు, కళ్లముందున్న జీపు ఒకటేనని రుజువు చేయడం గగనం. ఆ సాయంత్రమే థిన్నర్‌తో నెమ్మదిగా తుడిచి, పెన్సిల్‌తో ఛాసిస్ ప్రింటు తీసి, ఆర్‌సీతో పోల్చా. ఒక్కో అంకె కలుస్తుంటే ఇంటర్ రిజల్ట్స్ చూసుకున్నట్టే ఉంది.

అందుకే పాత జీపు మీద మోజుంటే ఇవి గుర్తుంచుకోండి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో పోల్చండి. "ఆర్మీ డిస్పోజల్ అండీ" అంటే కాగితం చూపించమనండి. ఇంట్లోవాళ్లదే అయినా, యజమాని చనిపోతే ఫారం 31తో వారసుల పేరుకి మార్చుకోవాలి. పని మొదలెట్టే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీయండి. పాత సామాను పారేయకండి.

రాడ్డు ఏది?

బిగిసిపోయిన ఇంజిన్‌ని మేస్త్రి మళ్లీ బతికించాడు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో డీజిల్, ఆయిల్ కలిపి పోసి నాలుగు రోజులు నానబెట్టాడు. ఐదోరోజు ఫ్యాన్ చేత్తో తిప్పితే కదిలింది. మిగతా పని పూర్తవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మొన్న ఊరికి తీసుకెళ్లా. నానమ్మ అరుగు మీంచి లేచొచ్చి చుట్టూ తిరిగి చూసింది. పెయింటు బాగుందనలేదు. ముందు బంపరు దగ్గర వంగి, "రాడ్డేదిరా?" అంది.

"ఏం రాడ్డు నానమ్మా?"

"చలికాలం పొద్దున్నే స్టార్టవకపోతే ఇక్కడ పెట్టి తిప్పేవారు మీ తాతయ్య. గాదె వెనకాల చూడు."

చూశా. సాలెగూళ్ల మధ్య గోడకి ఆనించి ఉంది. తెచ్చి బంపరులో ఉన్న రంధ్రంలో పెడితే టక్కున కూర్చుంది.

డీజిల్ ఇంజిన్ పెట్టుంటే ఆ రాడ్డుకి చోటే ఉండేది కాదు.