తారులో కలిసిన మడ్డి

కంకర రాళ్లను రోడ్డుగా పట్టి ఉంచే బిటుమెన్, అంటే ముడిచమురును శుద్ధి చేయగా చివరకు మిగిలే నల్లని జిగురు పదార్థం, ఎండకు మెత్తబడకుండా, చలికి చిట్లకుండా ఉండేందుకు అందులో రకరకాల రసాయనాలు కలుపుతారు. వాటిలో వివాదానికి ఎక్కువగా తావిచ్చింది, వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను మళ్లీ శుద్ధి చేసినప్పుడు అడుగున దిగే మడ్డి; ఉత్తర అమెరికాలో దీన్ని బిటుమెన్‌ను మెత్తబరచడానికి చవకగా వాడారు.

అమెరికాలో 1987–1993 మధ్య సాగిన రహదారి పరిశోధనల ఫలితంగా వచ్చిన పద్ధతిలో పీజీ 64–22 రకం బిటుమెన్ 64 డిగ్రీల సెల్సియస్ రోడ్డు వేడికీ, మైనస్ 22 డిగ్రీల చలికీ ఆగాలి. చలి పరీక్షకు ముందు నమూనాను ప్రయోగశాలలోనే పాతబరుస్తారు: తిరిగే గాజు సీసాల్లో 163 డిగ్రీల వద్ద 85 నిమిషాలు ఉంచితే ప్లాంటులో కంకరతో కలిపేటప్పుడు సోకే వేడికీ, ఆపై 2.1 మెగాపాస్కల్‌ల గాలి పీడనంలో సాధారణంగా 100 డిగ్రీల వద్ద 20 గంటలు ఉంచితే రోడ్డు మీద కొన్నేళ్లపాటు జరిగే ఆక్సీకరణకూ అది సాటి అని లెక్క. ఆ బిటుమెన్‌ను 125 మిల్లీమీటర్ల పొడవున్న సన్నని కడ్డీగా పోతపోసి, మైనస్ 12 డిగ్రీల ద్రవంలో రెండు ఆధారాల మీద నిలిపి, నడుమ సుమారు 100 గ్రాముల బరువు మోపి, ఎంత వంగుతుందో కొలుస్తారు. మైనస్ 22 దగ్గర రెండు గంటలకు కనిపించే ప్రవర్తన పది డిగ్రీలు ఎక్కువ వేడిలో 60 సెకన్లకే కనిపిస్తుందన్నది ఇక్కడి ఆధారం. అప్పటికి బిరుసుతనం 300 మెగాపాస్కల్‌లు మించకూడదు. ఒత్తిడిని సడలించుకునే వేగాన్ని తెలిపే ‘ఎం’ విలువ 0.300కు తగ్గకూడదు.

మడ్డి కలిపితే బిరుసుతనం తగ్గి మొదటి అంకె సులువుగా గట్టెక్కుతుంది. కానీ అందులోని నూనె, బిటుమెన్‌లోని బరువైన అణువులను విడివిడిగా తేల్చి ఉంచలేదు కాబట్టి, పాతబడేకొద్దీ సడలే గుణం ముందుగా దెబ్బతింటుంది. అందుకే 20 గంటలను 40కి పెంచి చూడడం, కెనడాలోని ఒంటారియోలో చేసినట్టు నమూనాను 72 గంటలు చలిలో నిలవ ఉంచి కొలవడం వంటి కఠినమైన పద్ధతులు వచ్చాయి. నిజానికి పాత పరీక్షలో తప్పేమీ లేదు, దానికి ఇచ్చిన వ్యవధే చాలలేదు.

మడ్డి కలిసిందో లేదో తేల్చడానికి ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ ఉంది. ఎక్స్‌రేలు సోకినప్పుడు ఒక్కో మూలకం తనదైన శక్తి గల కిరణాలను వెలువరిస్తుంది. ఇంజన్ అరుగుదలను తగ్గించే రసాయనం నుంచి జింక్, ఫాస్ఫరస్, శుభ్రపరిచే రసాయనం నుంచి కాల్షియం మడ్డిలోకి చేరతాయి. అయితే మన దేశంలోనూ రోడ్లకు వాడే పాత టైర్ల పొడిలో జింక్ ఉంటుంది, సున్నంలో కాల్షియం, బిటుమెన్‌ను గట్టిపరిచే పాలీఫాస్ఫోరిక్ ఆమ్లంలో ఫాస్ఫరస్ ఉంటాయి కనుక, ఈ మూడూ ఇంజన్ ఆయిల్ నుంచే వచ్చే మాలిబ్డినం అనే మూలకంతో పాటు ఒకేచోట కనబడితేనే మడ్డిని గట్టిగా అనుమానిస్తారు.