వార్తల్లో పదం: 220 మీటర్లు

జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పింది. సర్వీసు రోడ్డు ఉంటే దాని అంచు నుంచే కొలవాలి. 2017 మార్చి 31న, జనాభా 20 వేలు మించని స్థానిక సంస్థల పరిధిలో ఈ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది; రెస్టారెంట్లు, బార్లూ ఈ నిషేధం కిందికే వస్తాయని తేల్చింది. ఆ జూలైలో పురపాలక ప్రాంతాలకు సడలింపు దొరికింది. పట్టణాల్లా ఎదిగిన పంచాయతీలకు దాన్ని వర్తింపజేయడం 2018 ఫిబ్రవరిలో రాష్ట్రాల చేతికి వచ్చింది. చిక్కంతా ఇక్కడే ఉంది. మద్యం ఆదాయం కావాల్సిన ప్రభుత్వమే ఏ పల్లె పట్టణమో తేలుస్తోంది. 2016 తీర్పు తర్వాత కొన్ని రాష్ట్రాలు రహదారుల హోదానే మార్చేశాయి. కేరళలో ఒక బార్ అయితే గోడల మధ్య వంకరటింకర దారి కట్టి నడక దూరం పెంచుకుంది.

పల్లె హోటళ్ల ఉపాధి పోతుందన్న వాదనను తేలిగ్గా తీసుకోలేం. కానీ ఆంక్ష మద్యానికే, భోజనానికి కాదు. తాగేవాడు ఎంత దూరమైనా వెళ్తాడంటారు. వెళ్లొచ్చు, కానీ దారిన పోయే డ్రైవరుకు ఎదురుగా సీసా పెట్టక్కర్లేదు. వాహనాల వేగం పంచాయతీ హోదా మారితే తగ్గదు. అందుకే సడలింపు ఇచ్చేముందు ఆ రోడ్డు మీది ప్రమాదాల లెక్కను గ్రామసభ ముందు పెట్టాలి.