పాకాల అడవులు, ఆస్ట్రియా తూటా

1902 ఏప్రిల్ మాసమున వరంగల్లు జిల్లా నెక్కొండ యొద్ద వేటలో కూలిన పులితో లార్డ్ కర్జన్ దంపతులు దిగిన ఛాయాచిత్రము సుప్రసిద్ధము. దానిని చూచువారి దృష్టి పులిమీదనే నిలుచుట సహజమే యైనను, ఆ కాలమున పాకాల, ఏటూరునాగారము అడవులకు షికారు వెడలువాడు ముందుగా యోచింపవలసినది తుపాకి సొగసును గూర్చి కాదు, అందులో నిడు తూటాను గూర్చి.

టేకును వెదురును దట్టముగ పెరిగిన వనములలో మృగము తఱచుగ మిక్కిలి చేరువకు వచ్చినగాని కానరాదు. అట్టిచోట తేలికైన గుండును అమితవేగముతో ప్రయోగించినచో, అది ఎముకను తాకినంతనే ఛిన్నాభిన్నమై, జంతువును చంపక గాయపఱచి విడుచును. బరువును పొడవును గలిగి మితవేగముతో పోవు గట్టి గుండు అడవిదున్న భుజాస్థిని సైతము ఛేదించుకొని గుండెను చేరును. గాయముతో తప్పించుకొనిన పులివలన చుట్టుప్రక్కల పల్లెలకు కలుగు విపత్తును తలంచినచో, ఈ విచారము కేవలము వినోదమునకు సంబంధించినది కాదని స్పష్టమగును.

ఈ సూత్రమునకు చక్కని నిదర్శనము, 1905లో బెర్లిను నగరపు తుపాకి నిర్మాత ఒట్టో బోక్ రూపొందించిన 9.3×62 తూటా. దాని గుండు సుమారు 18.5 గ్రాములు. సాధారణమైన మౌజర్ రైఫిలులోనే ఇముడుటవలన, ఆంగ్లేయుల జంటగొట్టపు తుపాకుల ఖరీదును భరింపలేని ఆఫ్రికా వలసదారులు దీనిని మిక్కిలి ఆదరించిరి. బరువు, వేగము, వ్యయము మూడింటికిని ఇంతటి పొందిక గల మధ్యమ తూటా మరియొకటి లేదని నా అభిప్రాయము.

అయినను మన దేశమున ఎంపికను నిర్ణయించినది గుణము కాదు, శాసనము. సైన్యము వాడు .303 తూటా పౌరులకు నిషిద్ధము. అపహృతమైన సైనిక తూటాలు ప్రజల తుపాకులలో ఇముడరాదని ప్రభుత్వపు తలంపు. 1907 ప్రాంతమున .450 బోరుకును అదే గతి పట్టగా, ఆంగ్ల నిర్మాతలు .470, .465 మొదలగు క్రొత్త కొలతలను కల్పించిరి. ఈ నిర్బంధమువలననే, 19వ శతాబ్ది చివర ఆస్ట్రియా సైన్యమునకై పుట్టిన 8×50 మాన్లిషర్ తూటా ఇచ్చట .315 అను పేరుతో స్థిరపడినది. ఈషాపూరు కర్మాగారము లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలునే దానికి అనువుగ మలచెను. దాదాపు 16 గ్రాముల గుండు, సెకనుకు సుమారు 600 మీటర్ల వేగము: కణుజుకును పులికిని ఇది చాలును, అడవిదున్నకు చాలదు. కాని ఎంతటి ఘనమైన జర్మను తూటాయైనను, వరంగల్లులో దొరకని నాడు అది వేటగానికి నిరుపయోగమే గదా!

పాకాల 1952లో అభయారణ్యమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఇచ్చటి వేటకు స్వస్తి కలిగినది. .315 రైఫిలు నేడు లైసెన్సుదారుల యిండ్లలో ఆత్మరక్షణకై నిలిచియున్నది. బోక్ తూటాతో స్వీడను దేశస్థులు నేటికిని మూస్ అను మహాకాయపు దుప్పిని వేటాడుచున్నారు.